దోషాన్వేషిణి గ్రేస్ హాపర్

సాహిత్యలోకంలో దోషాన్వేషణకు మంచి పేరు లేదు. కావ్యంలోని గుణాలను విడిచి తప్పులనే ఏరేవానిని దోషైకదృక్కు అని మన పెద్దలు ఈసడించారు. అయితే తప్పులు వెదకడమే ప్రధానవిద్యగా గల రంగం ఒకటి మన కాలంలో వెలసింది. గణకయంత్రాలకు ఆదేశాలు వ్రాసేవారికి, వ్రాయడం కంటె వ్రాసినదానిలో దోషమెక్కడ దాగి ఉన్నదో పట్టుకొనడమే పెద్ద పని. దానికి వారు పెట్టుకొన్న పేరు డీబగ్గింగ్. అనగా పురుగులు ఏరడం. బియ్యంలో పురుగులు ఏరే మన ఇల్లాండ్రకు ఈ మాట వింతగా తోచదు.

కిందటి సంవత్సరం మా కళాశాల ఎలక్ట్రానిక్సు విద్యార్థి ఒకడు అరచేయంత పలక ఒకటి పట్టుకొని మా గదికి వచ్చాడు. ఆ పలకమీద వ్రేలిగోరంత నల్లని చిప్పు. దానిని మైక్రోకంట్రోలరు అంటారట. లెక్క చేసే భాగమూ, జ్ఞాపకం ఉంచుకొనే భాగమూ, వెలుపలి ప్రపంచంతో మాట్లాడే కాళ్లూ అన్నీ ఆ చిన్న బిళ్లలోనే ఉంటాయి. అతడు వ్రాసిన ఆదేశాల ప్రకారం పలకమీది చిన్న దీపం వెలిగి ఆరాలి. అది వెలగలేదు. రెండు గంటలసేపు తన వ్రాతను తానే చదువుకొన్నాడు, తప్పు కనిపించలేదు. తరువాత నాలుగు తీగలున్న చిన్న పరికరం ఒకటి తెచ్చి, ఆ పలకను తన కంప్యూటరుకు తగిలించి, తాను కోరిన పంక్తివద్ద చిప్పును ఆపి, లోపలి గళ్లలో ఏ అంకె ఉన్నదో చూశాడు. ఒకటి వ్రాయమన్న గడిలో సున్నయే ఉన్నది. దీపం తగిలించిన భాగాన్ని ముందుగా మేల్కొలపవలసిన ఆదేశం ఒకటి వ్రాయడం మరచాడట. నిద్రపోతున్నవాని చేతిలో ఉత్తరం పెట్టినట్టయింది. అయిదు నిమిషాలలో దీపం వెలిగింది.

ఈ విద్యకు మూలపురుషుడెవరని అడిగాను. మూలపురుషుడు కాదు, స్త్రీ అని చెప్పి, గ్రేస్ హాపర్ అనే అమెరికా దేశపు నావికాధికారిణి ఒక యంత్రంలో చిక్కిన పురుగును పట్టుకొన్న కథ చెప్పాడు. ఆ కథలో రెండు తప్పులున్నవని తరువాత ఆమె చరిత్ర చదివినప్పుడు తెలిసింది. కాని కథ కంటె చరిత్రయే రుచిగా ఉన్నది. అందుకే ఈ వ్యాసం.

గ్రేస్ బ్రూస్టర్ మరే 1906 డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరంలో జన్మించింది. తండ్రి వాల్టర్ మరే భీమా వ్యాపారం చేసేవాడు. తల్లి మేరీకి గణితమంటే ప్రీతి. అయితే ఆమె కాలపు ఆడపిల్లలకు ఆ చదువులో ముందుకు పోయే అవకాశం లేకపోయింది. మాతామహుడు సివిలు ఇంజనీరు. ఆయన సర్వే పనికి బయలుదేరితే మనుమరాలు వెంట పోయి కొలతకర్ర పట్టుకొని నిలిచేది.

వేసవికాలం వారు న్యూహాంప్‌షైరు రాష్ట్రంలో వుల్ఫ్‌బరో అనే ఊరిలో, సరస్సు ఒడ్డున ఉన్న ఇంటిలో గడిపేవారు. ఆ ఇంటిలో గదికొక అలారం గడియారం. గ్రేసుకు అప్పుడు ఏడేళ్లు. గంట ఎలా మోగుతున్నదో చూద్దామని ఒక గడియారం విప్పింది. మరలా కూర్చడం చేతకాలేదు. ఏ చక్రం ఎక్కడిదో తెలుసుకొనడానికి ఇంకొకటి విప్పింది. ఆ విధంగా ఏడు గడియారాలూ విప్పేసరికి తల్లి చూసింది. మన ఇళ్లలో అయితే వీపు విమానం మోత మోగేది. ఆ తల్లి కోపగించుకొనక, ఇకమీదట ఒక్క గడియారంతోనే ఆడుకొనాలని కట్టడి చేసి ఊరుకొన్నది. చెడినదానిని బాగున్నదానితో పోల్చి చూచుట యంత్రవైద్యంలో మొదటి పాఠం. ఆ పసిపిల్లకు దానిని ఎవరూ నేర్పలేదు.

తండ్రికి రక్తనాళాల వ్యాధి వల్ల రెండు కాళ్లూ తీసివేయవలసి వచ్చింది. కొయ్యకాళ్లతో, చేతికర్రలతో ఆయన ఉద్యోగానికి పోయేవాడు. తాను పిల్లలకు ఆస్తి మిగల్చగలనో లేదో అన్న శంకతో, కొడుకుతో పాటు కూతుళ్లు కూడా తమ కాళ్లమీద నిలబడేటంత చదువు చదవాలని పట్టుబట్టాడు. పదహారవ ఏట గ్రేసు వాసర్ కళాశాలలో చేరగోరి లాటిను పరీక్షలో తప్పింది. మరొక సంవత్సరం చదివి చేరింది. పరీక్ష తప్పిన విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొనవచ్చును. 1928లో గణిత, భౌతికశాస్త్రాలలో పట్టం పుచ్చుకొని యేల్ విశ్వవిద్యాలయానికి పోయి, 1930లో ఎం.ఏ., 1934లో గణితంలో డాక్టరు పట్టం సంపాదించింది. ఈ మధ్యలోనే, 1930లో, సాహిత్యోపన్యాసకుడైన విన్సెంట్ హాపరును వివాహమాడింది. ఆ దాంపత్యం నిలువలేదు. 1945లో విడాకులయినవి. హాపర్ అన్న పేరు మాత్రం ఆమెకు జీవితాంతం మిగిలింది.

1931 నుండి ఆమె వాసర్ కళాశాలలోనే గణితం బోధించింది. తరగతిలో ఒక సూత్రం చెప్పిన తరువాత దానిపై వ్యాసం వ్రాయమని, ఆ వ్యాసంలో భాషాదోషాలను కూడా దిద్ది ఇచ్చేదట. తాము వచ్చినది గణితం నేర్చుకొనడానికి గాని ఇంగ్లీషు నేర్చుకొనడానికి కాదని విద్యార్థినులు మొరపెట్టుకొన్నారు. తెలిసినదానిని ఇతరులకు తెలియజెప్పలేకపోతే ఆ గణితం ఎందుకూ కొరగాదని ఆమె వాదం. భాషోపాధ్యాయుడనైన నేను ఈ ఒక్క విషయానికే ఆమెకు నమస్కరిస్తాను.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలో దిగింది. ముప్పదియారేండ్ల వయసులో, కళాశాల కొలువు విడిచి నౌకాదళంలో చేరడానికి ఆమె సిద్ధపడింది. వయసు మీరినదన్నారు. ఉండవలసిన బరువుకు పదిహేను పౌన్లు తక్కువన్నారు. గణితాచార్యులు కళాశాలలలోనే ఉండడం దేశానికి అవసరమన్నారు. అన్నింటికీ మినహాయింపు సంపాదించి, 1943 డిసెంబరులో నౌకాదళపు మహిళావిభాగంలో చేరింది. శిక్షణలో ప్రథమురాలుగా నిలిచి, 1944 జులైలో హార్వర్డు విశ్వవిద్యాలయంలోని గణన కార్యాలయానికి పోయింది. ఆమె తాను చూడబోయే వస్తువేమిటో ఎరుగదు.

అది మార్క్ 1 అనే గణకయంత్రం. నిడివి 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు దాదాపు 5 టన్నులు. లోపల పరచిన తీగ 500 మైళ్లకు పైమాటే. ఇరువదిమూడు స్థానాల సంఖ్యలతో క్షణానికి మూడు కూడికలు చేసేది. ఒక గుణకారానికి ఆరు క్షణాలు పట్టేది. ఆదేశాలను పొడుగాటి కాగితపు పట్టీమీద రంధ్రాలుగా పొడిచి యంత్రానికి అందించేవారు. ఒకే పనిని పదేపదే చేయించాలంటే పట్టీ రెండు కొనలను అంటించి దండవలె త్రిప్పేవారు. దానిని నిర్మింపజేసిన హోవర్డ్ ఐకెన్ కరకు మనిషి. వచ్చీరాగానే ఆమెకు ఒక గణితశ్రేణి గుణకాలను లెక్కించే పని అప్పగించి వారం గడువు పెట్టాడు. అంతకుముందు ఆమె ఏ యంత్రానికీ ఆదేశం వ్రాసి ఎరుగదు. రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ కాంబెల్ అనే ఇద్దరు యువకులు అప్పటికే ఆ పనిలో ఉన్నారు. మూడవది ఈమె.

యుద్ధకాలం. యంత్రం రాత్రింబవళ్లు నడిచేది. ఫిరంగి గుండ్లు ఎంత దూరం పోయేదీ తెలిపే పట్టికలు, సముద్రంలో మందుపాతరల లెక్కలు అక్కడ తయారయ్యేవి. ఒక అంకె తప్పితే గుండు శత్రువుమీద గాక స్వపక్షంమీద పడవచ్చును. ఆ సంవత్సరమే జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త ఒక సమీకరణం తెచ్చి, అది దేనికో చెప్పకుండా లెక్క కట్టించుకొని పోయాడు. అది అణుబాంబుకు సంబంధించినదని వారికి తరువాత గాని తెలియదు. దోషం లేకుండా లెక్క చేయడం తమ బాధ్యత అనుకొన్నవారికి ఆ లెక్క ఫలం ఎక్కడ పండినదీ తెలిసినప్పుడు ఏమి తోచిందో ఊహించడం కష్టం.

మార్క్ 1 నడుస్తుంటే గది నిండా స్త్రీలు కూర్చుండి అల్లికసూదులు ఆడిస్తున్నట్టు చప్పుడయ్యేదని చూచినవారు వ్రాశారు. ఈ చప్పుడును చిన్న విషయంగా తలచరాదు. లోపల విద్యుదయస్కాంతంతో మూసుకొని తెరుచుకొనే రిలేలు, తిరిగే చక్రాలు కంటికి కనబడేవి, చెవికి వినబడేవి. పని చేసేవాడు యంత్రం ముందు నిలబడి తప్పు జాడ తీయవచ్చును. తప్పు రెండు తావులలో ఉండవచ్చును: యంత్రంలో లేదా వ్రాసినవాని బుద్ధిలో. ఏది ఎక్కడిదో తేల్చుకొనడమే కష్టం. ఇందుకోసం ప్రతి పనికీ, ప్రతి ఆటంకానికీ తేదీ, గంట వేసి దినచర్యపుస్తకంలో వ్రాసేవారు. అది నావికుల అలవాటు. ఓడ ఎక్కడ ఉన్నదో, గాలి ఎటు వీస్తున్నదో వ్రాసుకొనే పుస్తకం ఇక్కడ యంత్రం రోగచరిత్ర అయింది. ఆ యంత్రాన్ని నడిపే విధానం గురించి 561 పుటల గ్రంథం 1946లో వెలువడింది. అందులో అధికభాగం హాపర్ వ్రాసినదే.

ఇక మా విద్యార్థి చెప్పిన పురుగు కథ. మార్క్ 1 తరువాత నౌకాదళం కోసం హార్వర్డులోనే మార్క్ 2 యంత్రం తయారయింది. 1947 సెప్టెంబరు 9వ తేదీన దాని పరీక్షలు జరుగుతుండగా యంత్రం తప్పుడు ఫలితం ఇచ్చింది. వెదకగా ఎఫ్ అనే పలకలోని 70వ రిలేలో ఒక శలభం, మనం దీపపు పురుగు అనేది, చిక్కి చచ్చి ఉన్నది. దానిని తీసి దినచర్యపుస్తకంలో టేపుతో అంటించి, నిజమైన పురుగు దొరికిన మొదటి సందర్భమిదే అన్న అర్థంలో చమత్కారంగా ఒక పంక్తి వ్రాశారు. పట్టుకొన్నది హాపర్ కాదు, తోడి ఉద్యోగులు. ఇది మొదటి తప్పు. పురుగు అన్న మాట ఆనాడే పుట్టిందనుకొనడం రెండవ తప్పు. యంత్రంలోని లోపాన్ని పురుగు అనడం 1878 నాటికే ఎడిసన్ వ్రాసిన ఉత్తరంలో కనబడుతుంది. ఆ వాడుక ముందే లేకపోతే పుస్తకంలోని చమత్కారానికి అర్థమే లేదు. ఉపన్యాసాలలో వందలసార్లు ఈ కథ చెప్పి లోకానికి ఎక్కించినది మాత్రం హాపరే. ఆమె కూడా సంవత్సరాన్ని 1945గా చెప్పడంతో చాలా పుస్తకాలలో ఆ తప్పే అచ్చయింది. తప్పులు ఏరే కథలోనే ముద్రారాక్షసం దూరింది!

నా సొంత అనుభవం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఒక పత్రికకు నేను వ్రాసిన వ్యాసం ప్రూఫులు మూడుసార్లు దిద్ది పంపాను. అచ్చయిన తరువాత ఒక శిష్యుడు మొదటి పేరాలోనే కవి పేరు తప్పు పడిందని చూపించాడు. నేను చదివినది కాగితంమీది అక్షరాలను కాదు, నా మనసులోని వాక్యాన్ని. మా విద్యార్థి రెండు గంటలు చదివినా తప్పు కనిపించకపోవడానికి కారణమిదే. వ్రాసినవానికి తాను చెప్పదలచుకొన్నదే కనబడుతుంది; యంత్రం చేసినది చూపడానికి వేరొక కన్ను కావాలి.

యుద్ధం ముగిసిన తరువాత వాసర్ కళాశాల ఆచార్యపదవి ఇవ్వజూపినా ఆమె యంత్రాన్ని విడువలేదు. కాని హార్వర్డు కొలువు గడువు 1949తో తీరింది. అక్కడ ఆమెకు స్థిరమైన పదవి లేదు. వివాహం పోయింది, పని పోబోతున్నది. ఆ సంవత్సరాలలో ఆమె మద్యానికి అలవాటుపడి మిక్కిలి క్రుంగిపోయింది. స్నేహితులు కలవరపడ్డారు. గొప్పవారి చరిత్రలలో ఇటువంటి పుటలను చింపివేయడం మన అలవాటు. ఇతరుల తప్పులను దాచనీయని ఆమె విషయంలో మనం ఆ పని చేయడం న్యాయం కాదు. అక్కడినుండి ఆమెను లేవనెత్తినది క్రొత్త పనియే.

ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీ అనే ఇద్దరు యూనివాక్ అనే యంత్రాన్ని నిర్మిస్తున్నారు. 1949లో హాపర్ వారి సంస్థలో చేరింది. అక్కడ బెట్టీ హోల్బర్టన్ అనే విదుషీమణితో పరిచయమయింది. ఈమె అంతకుముందు ఎనియాక్ యంత్రంమీద పని చేసిన ఆరుగురు స్త్రీలలో ఒకతె. నడుస్తున్న లెక్కను మధ్యలో కోరినచోట ఆపి, అంతవరకు వచ్చిన అంకెలను చూసుకొనే ఉపాయం ఈమెదే. ఎనియాక్‌లో తీగ ఒకటి ఊడదీస్తే లెక్క ఆగేది. ఆ ఆగే చోటికి బ్రేక్ పాయింటు అని పేరు వచ్చింది. మా విద్యార్థి తన చిప్పును ఆపినది ఆ పేరుతోనే. హోల్బర్టన్ 1951లో, కొన్ని వివరాలు ఇస్తే వర్గీకరణకు కావలసిన ఆదేశాలను యంత్రమే తయారు చేసుకొనే పద్ధతి వ్రాసింది. ఆదేశాలను యంత్రం చేత వ్రాయించవచ్చునన్న ధైర్యం హాపరుకు దాని నుండే కలిగింది.

ఈ కాలంలోనే జరిగిన ఒక చిన్న సంగతి నాకు మిక్కిలి ప్రియమైనది. ఆ సంస్థవారి మొదటి యంత్రం బైనాక్ ఎనిమిది మూలంగా గల అంకెలతో నడిచేది. మనం పదులలో లెక్కిస్తాము. దానిలో ఏడు తరువాత పది. హాపర్ ఆ లెక్కలో ఎంతగా మునిగినదంటే కూడికలు తీసివేతలు అన్నీ ఎనిమిదులలోనే చేసేది. నెలాఖరుకు చూస్తే బ్యాంకి ఖాతా తేలడం లేదు. బ్యాంకిలో పని చేసే తమ్ముడు కూర్చుండి వెదికితే, కొన్ని చెక్కులను అక్క ఎనిమిదుల లెక్కలో తీసివేసినట్టు బయటపడింది. మనిషి యంత్రం భాష నేర్చుకొనడం ప్రమాదకరమని, యంత్రమే మనిషి భాష నేర్చుకొనాలని ఆమెకు అప్పుడే బాగా నాటుకొన్నదట.

హార్వర్డులో ఉన్నప్పటినుండి వారు ఒకసారి సరిగా పని చేసిన ఆదేశఖండాలను నోటుపుస్తకాలలో దాచుకొని, అవసరమైనప్పుడు ఎత్తి వ్రాసుకొనేవారు. ఎత్తివ్రాతలో తప్పులు దొర్లేవి. ఒక చోటి సంఖ్యలను మరొక చోటికి మార్చి కూడడంలో తప్పులు దొర్లేవి. తాళపత్రాలు పరిష్కరించినవారికి ఈ బాధ బాగా తెలుసు. మూలం వ్రాసిన కవి తప్పు చేయకపోయినా లేఖకుని చేతిలో పాఠం చెడుతుంది. ఒక ప్రతిలోని తప్పు వంద ప్రతులకు ప్రాకుతుంది. మనుషులు కూడికలోనూ నకలు తీయడంలోనూ తప్పక తప్పులు చేస్తారు. ఆ రెండు పనులలోనూ యంత్రం తప్పు చేయదు. కనుక ఆ పని యంత్రానికే ఇవ్వాలని హాపర్ నిశ్చయించింది. 1952 నాటికి ఏ-జీరో అనే సాధనం తయారు చేసింది. పిలుపు సంఖ్యలు ఇస్తే అది అయస్కాంతపు టేపులోని గ్రంథాలయం నుండి ఆదేశఖండాలను తీసి, చోట్లు సరిచేసి, ఒక్క మాలగా గ్రుచ్చి ఇచ్చేది. దానికి కంపైలరు, అనగా సంకలనకర్త, అని పేరు పెట్టింది. యంత్రం లెక్కలు చేస్తుంది గాని ఆదేశాలు వ్రాయలేదనే పెద్దలు చాలకాలం నమ్మారు. దోషాన్ని వెదకడం కంటె దోషానికి చోటు లేకుండా చేయడం మేలు అన్న మార్గం ఇక్కడ మొదలయింది. నేటి కంపైలర్లు దీనినుండి చాల దూరం నడిచాయి.

అటుపై ఇంగ్లీషు మాటలతోనే ఆదేశాలు వ్రాసే ఫ్లో-మాటిక్ భాషను ఆమె బృందం రూపొందించింది. దాని నమూనాను అధికారులకు చూపుతూ, ఇంగ్లీషు మాటల స్థానంలో ఫ్రెంచి, జర్మను మాటలు వేసి యంత్రం చేత అదే పని చేయించారు. అధికారులు హర్షించలేదు సరికదా, అమెరికాలో చేసిన యంత్రానికి పరదేశభాషలు రావడమేమిటని కంగారుపడ్డారు. యంత్రానికి అన్ని భాషలూ ఒక్కటేనని వారికి నచ్చజెప్పడానికి చాల శ్రమ అయింది. ఆమె తెలుగులో కూడా చూపించి ఉంటే ఏమయ్యేదో!

1959 మే నెలలో వాషింగ్టనులో రక్షణశాఖవారి ఆధ్వర్యంలో సభ జరిగి, అన్ని యంత్రాలకూ పనికివచ్చే వ్యాపారగణన భాష కావాలని నిర్ణయించారు. ఆ విధంగా వచ్చినది కోబాల్. దానిని హాపర్ ఒక్కతె సృష్టించిందని వ్రాసేవారున్నారు. అది ఒక సంఘం చేసిన పని, ఆమె సలహాదారు. ఫ్లో-మాటిక్ దానికి ప్రధానమైన ఆధారం. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ వ్రాత రెండు వేర్వేరు సంస్థల యంత్రాలమీద నడిచింది. ఆ కాలపు ప్రోగ్రాములలో స్థలం మిగుల్చుకొనడానికి సంవత్సరాన్ని రెండు అంకెలతో వ్రాసే అలవాటు పడి, 2000 సంవత్సరం వచ్చేటప్పటికి లోకాన్నంతటినీ పురుగుల వేటలో దింపింది. పురుగు ఎంతకాలమైనా నిద్రపోగలదు.

1966 చివర నౌకాదళం ఆమెకు వయసు చెల్లినదని విశ్రాంతి ఇచ్చింది. ఏడునెలలకే, 1967 ఆగస్టులో, ఆరునెలల పనికని మరలా పిలిచింది. ఆ ఆరునెలలు పందొమ్మిదేండ్లు అయినవి. నౌకాదళంలో వేర్వేరు సంస్థల కోబాల్ సంకలనకర్తలుండేవి. ప్రతిదీ భాషను తనకు తోచినట్టు అర్థం చేసుకొనేది. వాటిని పరీక్షించడానికి ఆమె బృందం పరీక్షాఖండాలను తయారు చేసింది. ఆ పరీక్షలో తప్పు తేలిన సంకలనకర్తను దిద్దుకొనవలసినది అమ్మేవారే. దోషం వెదికే సాధనంలోనే దోషమున్నదేమో చూడడం ఈ విద్యలో మిక్కిలి సూక్ష్మమైన మెట్టు. ఆమె గదిలో ఒక గడియారం ముల్లులు ఎదురుదిశలో తిరిగేవి. ఎప్పటినుండో ఇలాగే చేస్తున్నామన్న మాట చెప్పేవారికి అది సమాధానం. గడియారం ఏ వైపు తిరిగినా వేళ సరిగానే చెబుతుంది.

ఉపన్యాసాలలో ఆమె మెచ్చిన ఆయుధం ఒక తీగముక్క. క్షణంలో శతకోటవ వంతు, అనగా నానోసెకండు, ఎంతో తనకు కంటికి కనబడేలా ఇవ్వండని ఇంజనీర్లను అడిగింది. అంత కాలంలో విద్యుత్సంకేతం పోగల అత్యధిక దూరం 11.8 అంగుళాలు. ఆ నిడివి తీగముక్కలు కత్తిరించి సభలలో పంచేది. అంతకు వెయ్యిరెట్లయిన మైక్రోసెకండుకు 984 అడుగుల తీగచుట్ట చూపించేది. ఉపగ్రహం ద్వారా వార్త చేరడానికి ఆలస్యమెందుకని అడిగే సేనానులకు ఈ ముక్క చాలు. కంటికి కనబడనిదానిని చేతికి ఇవ్వడమే ఆమె బోధనారహస్యం. మన ఉపాధ్యాయులు ఆలోచింపదగినది.

ఆమె మరొక ఉపమానం మన రైతులకు బాగా నచ్చుతుంది. బరువు లాగడానికి ఒక ఎద్దు చాలకపోతే దానిని ఇంకా పెద్ద ఎద్దుగా పెంచరు, జతను కడతారు. పెద్ద పెద్ద యంత్రాల కంటె చిన్న యంత్రాలను అనేకం కూర్చడమే రాబోయే మార్గమని ఆమె వాదించేది. ఆమె కళ్లముందే అది నిజమయింది. 1974లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ మైక్రోకంట్రోలరును అమ్మకానికి పెట్టింది. 1976లో ఇంటెల్ సంస్థ 8048ను, 1980లో 8051ను తెచ్చాయి. బట్టలుతికే యంత్రంలో, మోటారుకారులో, గుండెకు కట్టే పరికరంలో నేడు ఇవి ఉన్నాయి.

అయితే ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మార్క్ 1 చప్పుడు చేసేది. ఈ చిప్పు నోరు మెదపదు. మార్క్ 2 లోని శలభాన్ని పట్టుకారుతో తీయవచ్చును. దీని లోపలికి సూది కూడా దూరదు. తొలిరోజులలో ఇంజనీర్లు చిప్పును ఊడదీసి, ఆ స్థానంలో దానివలె నటించే పెద్ద పరికరాన్ని తగిలించి లోపలి సంగతులు చూసేవారు. దానిని ఎమ్యులేటరు అన్నారు. 1990లో జేటాగ్ అనే ప్రమాణం వచ్చింది. పలకమీద చిప్పుల కాళ్లు సరిగా అతికినవో లేదో పరీక్షించడానికి ఏర్పరచిన నాలుగు తీగల మార్గమది. ఆ మార్గం గుండానే చిప్పు లోపలి గళ్లను చదవడం, కోరినచోట ఆపడం తరువాత అలవాటయింది. ఇది చేయడానికి చిప్పులోనే ఒక చిన్న కావలివాడుంటాడు. నడవబోయే ఆదేశం చిరునామాను తన వద్దనున్న చిరునామాతో పోల్చి, రెండూ ఒక్కటయితే చిప్పును నిలువరిస్తాడు. అటువంటి చిరునామాలు కొన్ని చిప్పులలో నాలుగే, కొన్నింటిలో ఆరు. కనుక ఎక్కడ ఆపాలో ముందుగా ఆలోచించుకొనాలి.

ఆపడం కూడా అన్నివేళలా తగదు. చిప్పు ఆగినా అది నడిపే మోటారు ఆగదు. సరియైన వేళకు ఆపే ఆదేశం రాక కాలిపోవచ్చును. చూడడం కోసం ఒక పంక్తి చేర్చితే కాలం మారి, ఉన్న తప్పు మాయమవుతుంది. పంక్తి తీసివేస్తే మరలా వస్తుంది. అటువంటప్పుడు చిప్పును కదపకుండా దాని కాళ్లమీది విద్యుత్సంకేతాలను ప్రక్కనుండి చూసే లాజిక్ ఎనలైజరు, ఆసిలోస్కోపు అనే పరికరాలు అక్కరకు వస్తాయి. మా విద్యార్థి పలకమీది చిప్పు పది నానోసెకండ్లకొక అడుగు వేస్తుందట. హాపర్ తీగముక్కలు పది కలిపితే అంత దూరం, మనిషి ఎత్తుకు రెట్టింపు కంటె తక్కువ. ఈ మాట చెప్పినప్పుడు అతడు పలకను క్రొత్తగా చూసినట్టు చూశాడు.

హాపర్ 1973లో కెప్టెన్, 1983లో కమడోర్, 1985లో రియర్ అడ్మిరల్ అయింది. 1986 ఆగస్టు 14న బోస్టను రేవులో, కాన్‌స్టిట్యూషన్ అనే పురాతన యుద్ధనౌకమీద ఆమెకు వీడ్కోలు జరిగింది. అప్పటికి వయసు డెబ్బదితొమ్మిది. ఆ తరువాత కూడా ఊరకుండక, డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థకు సలహాదారుగా ఊరూరా తిరిగి తీగముక్కలు పంచింది. 1992 జనవరి 1న వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్టనులో మరణించింది. అక్కడి సైనిక శ్మశానవాటికలోనే సమాధి చేశారు. 1996లో నీటిలో దిగిన ఒక యుద్ధనౌకకు ఆమె పేరు పెట్టారు. 2016లో దేశాధ్యక్షుడు మరణానంతరం అత్యున్నత పౌరపురస్కారం ప్రకటించాడు.

ఆ దినచర్యపుస్తకం నేడు వాషింగ్టనులోని అమెరికా చరిత్ర ప్రదర్శనశాలవారి సేకరణలో ఉన్నది. 1947 సెప్టెంబరు 9వ తేదీ పుటలో, 15 గంటల 45 నిమిషాలని వేసిన పంక్తి ప్రక్కన, ఆ శలభం ఇంకా అంటించియే ఉన్నది.